తెలుగున వ్యతిరేకక్రియ: యురాలిక్ భాషలతో ఒక పోలిక

తెలుగు వ్యాకరణము బోధించువారు వ్యతిరేకక్రియను సాధారణముగా ఒక్క పాఠముతో ముగింతురు. 'చేయును' అనుదానికి వ్యతిరేకము 'చేయడు', 'చేసెను' అనుదానికి వ్యతిరేకము 'చేయలేదు' అని పట్టిక వ్రాయించి ముందునకు సాగుదురు. మేమును పెక్కేండ్లు అట్లే చేసితిమి. ఆ పట్టిక నేటి వాడుకకు చాలవరకు సరిపోవును. కాని ప్రాచీనకావ్యమును చేతబట్టిన విద్యార్థిని అది దారి తప్పించును. జరిగిపోయిన కథను చెప్పుచు కవి 'పలుకడు' అని ప్రయోగించినచోట, 'ఇకమీద పలుకబోడు' అని అర్థము వ్రాసిన సమాధానపత్రములను మేము పలుమారులు దిద్దియున్నాము. మా విద్యార్థిదశలో మేము చేసిన తప్పును అదియే.

ఈ తప్పునకు మూలము విద్యార్థి అశ్రద్ధ కాదు. వ్యతిరేకక్రియకు ఒక చరిత్ర కలదనియు, నేటి రూపములకు నేటి అర్థము తరువాత ఏర్పడినదనియు మనము చెప్పకుండుటయే దానికి మూలము. ఆ చరిత్రను సంగ్రహముగా నిరూపించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. ఇందులకు ఫిన్నిషు, ఎస్టోనియను మొదలగు యురాలిక్ భాషల పోలిక ఉపకరించును. ఆ పోలిక ఎంతవరకు చెల్లునో, ఎచట చెల్లదో కంకిపాటి కాలువగట్టున మేము విన్న రెండు వాక్యములు తేటపరచినవి. వానిని యథాస్థానమున ఉదాహరింతుము.

1. లేదనుటకు మూడు మార్గములు

ఒక పని జరుగదని చెప్పుటకు భాషలు అవలంబించు మార్గములలో ముఖ్యమైనవి మూడు. మొదటిది అవ్యయమును చేర్చుట. సంస్కృతమున 'గచ్ఛతి' అను క్రియకు ముందు 'న' చేర్చిన చాలును, క్రియారూపము మారదు. రెండవది క్రియలోపలనే వ్యతిరేకార్థమును ఇముడ్చుట. తెలుగున 'పోవుదును' అనుదానికి ఎదురుగా 'పోను' అందుము. ఇందు వ్యతిరేకార్థమును తెలుపు వేరొక పదము లేదు. మూడవది వ్యతిరేకార్థమునకై ఒక ప్రత్యేకక్రియనే ఉంచుకొని, దానికి పురుషవచనప్రత్యయములు చేర్చి, అసలు క్రియను మార్పులేని రూపమున దాని చెంత నిలుపుట. యురాలిక్ భాషలలో పెక్కింటి పద్ధతి ఇది.

ఫిన్నిషు భాషలో 'పోవు' అను అర్థముగల క్రియను గ్రహింతము. నేను పోను అనుటకు 'ఎన్ మెనె', నీవు పోవు అనుటకు 'ఎత్ మెనె', అతడు పోడు అనుటకు 'ఎయ్ మెనె', మేము పోము అనుటకు 'ఎమ్మె మెనె', మీరు పోరు అనుటకు 'ఎత్తె మెనె', వారు పోరు అనుటకు 'ఎయ్‌వాత్ మెనె' అందురు. (తెలుగు లిపిలో ఈ ఉచ్చారణలు స్థూలముగా చూపబడినవి.) 'మెనె' అన్నిట ఒక్కటే. మారునది మొదటి పదము. పురుషను, వచనమును మోయుచున్నది అదియే. భూతకాలమున 'ఎన్ మెన్న్యుత్' అందురు. అపుడు పురుష వ్యతిరేకక్రియయందును, కాలము ప్రధానక్రియయందును నిలుచును.

యురాలిక్ భాషలన్నియు ఈ పద్ధతిని ఒకే తీరున కాపాడుకొనలేదు. కోమి భాషలో వ్యతిరేకక్రియ కాలమును గూడ తానే మోయును: 'ఒగ్ మున్' అనగా పోను, 'ఎగ్ మున్' అనగా పోలేదు. ఎస్టోనియనులో దీనికి విపర్యయముగా పురుషభేదము నశించినది. పూర్వము ప్రథమపురుషైకవచనమైన 'ఎయ్' అను రూపమే అన్ని పురుషలకును వ్యాపించి, 'మ ఎయ్ లాహె' (నేను పోను), 'త ఎయ్ లాహె' (అతడు పోడు) అని నిలిచినది. హంగేరియను ఈ మార్గమును విడిచి 'నెమ్' అను అవ్యయమును చేపట్టినది. ఐనను ఆ భాషయందును ఉనికిని నిషేధించుటకు 'నించ్' (లేడు, లేదు), 'నించెనెక్' (లేరు, లేవు) అను ప్రత్యేకరూపములు మిగిలియున్నవి. ఒకే కుటుంబమున ఇన్ని దశలు కనబడుచుండుట మనము గుర్తుంచుకొనదగినది.

2. తెలుగు వ్యతిరేకరూపము: కాలము లేని క్రియ

ఇక మన భాషకు వత్తము. చేయను, చేయవు, చేయడు, చేయదు, చేయము, చేయరు, చేయవు. ఈ రూపములలో ధాతువు కలదు, పురుషవచనప్రత్యయము కలదు. నడుమ కాలమును తెలుపునది ఏదియు లేదు. రాబర్టు కాల్డ్వెల్ 1856లో ప్రకటించిన ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమున ఈ విషయమును ప్రత్యేకముగా గమనించెను. ద్రావిడభాషలను సంస్కృతాదుల నుండి వేరుచేయు లక్షణములను పేర్కొనుచు, క్రియకు విధిరూపములతోపాటు క్రమమైన వ్యతిరేకరూపములును ఉండుటను అందు చేర్చెను. అంతకు 40 ఏండ్లకు పూర్వము, 1816లో, కాంప్‌బెల్ రచించిన తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికాభాగమున ఎల్లిస్ తెలుగు సంస్కృతజన్యము కాదని నిరూపించియుండెను. ఎల్లిస్ ప్రధానముగా ధాతువులను, పదములను ఆధారము చేసికొనగా, కాల్డ్వెల్ ఆ వాదమునకు క్రియానిర్మాణము నుండియు బలము చేకూర్చెను.

'చేయను' అనునప్పుడు నడుమ వినబడు అకారమేమి? ఇది ఉచ్చారణసౌకర్యమునకు వచ్చినదనియు, కాలప్రత్యయము లేమియే వ్యతిరేకార్థమును ఇచ్చుచున్నదనియు ఒక పక్షము. అది వ్యతిరేకప్రత్యయమే అని మరియొక పక్షము. 1961లో 'తెలుగు వెర్బల్ బేసెస్' ప్రకటించిన భద్రిరాజు కృష్ణమూర్తి 2003లో వెలువరించిన 'ది ద్రవిడియన్ లాంగ్వేజెస్' అను గ్రంథమున రెండవ పక్షమునే సమర్థించి, మూలద్రావిడమున ఒక వ్యతిరేకప్రత్యయమును పునర్నిర్మించెను. తమిళమున 'సెయ్యాదు', 'సెయ్యాన్' అనుచోట దీర్ఘమైన ఆకారము వినబడుచుండుట ఈ పక్షమునకు అనుకూలము. మాకును ఇదియే సమంజసముగా తోచుచున్నది.

ఇందు మరియొక విశేషము కలదు. కావ్యభాషలో తద్ధర్మార్థకమును చూడుడు. వాడు చేయును, అది చేయును, అవి చేయును. మూడింటికిని ఒకే రూపము. వ్యతిరేకమున వాడు చేయడు, అది చేయదు, అవి చేయవు అని మూడును వేరగుచున్నవి. విధిరూపము విడిచిన లింగవచనభేదమును వ్యతిరేకరూపము పాటించుచున్నది. కర్తతో ఏకీభవించు ఈ పట్టుదల తెలుగు వ్యతిరేకక్రియకు జీవలక్షణము. ముందు చెప్పబోవు విషయమునకు ఇదియే ఆధారము.

కాలప్రత్యయము లేకుండుటచే ఈ రూపము ప్రాచీనభాషలో మూడు కాలములకును చెల్లినది. 'రాజు పిలిచెను, మంత్రి పలుకడు' అనిన, మంత్రి పలుకలేదని అర్థము. పిలిచిన కాలమే పలుకని కాలమును గూడ నిర్ణయించుచున్నది. నేటి వాడుకలో 'పలుకడు' అనిన స్వభావమో భవిష్యత్తో స్ఫురించును. ఈ సంకోచము తరువాత వచ్చినది. విద్యార్థి తన వాడుకలోని అర్థమును కావ్యమునకు అంటగట్టుటచేతనే మొదట చెప్పిన తప్పు పుట్టుచున్నది.

భూతకాలమును స్పష్టపరుపవలసినచోట కవులకు ఉపాయములు లేకపోలేదు. 'చేయడయ్యెను', 'చేయనైతిని', 'చేయరైరి' అను రూపములు కావ్యములలో విరివిగా కలవు. వీని నిర్మాణము పరిశీలింపదగినది. 'చేయను' అను పూర్తి వ్యతిరేకక్రియకు అగుధాతువు భూతరూపమైన 'ఐతిని' చేరినది. పురుషప్రత్యయము రెండుచోట్లను కలదు. వ్యతిరేకార్థము మొదటి క్రియయందును, కాలము రెండవ క్రియయందును ఉన్నవి. 'చేయకుండెను', 'చేయకపోయెను' అను రూపములు మరియొక ఉపాయము. ఇందు 'చేయక' అను వ్యతిరేకక్త్వార్థకము మార్పులేక నిలిచి, పురుషను, కాలమును అనుబంధక్రియ వహించును.

3. కంకిపాటి కాలువగట్టున

నేటి వాడుకలో భూతవ్యతిరేకమునకు ఈ ఉపాయములు వెనుకబడి, 'చేయలేదు' అను రూపము స్థిరపడినది. 'నేను చేయలేదు, నీవు చేయలేదు, వారు చేయలేదు' అని అన్ని పురుషలకును ఒకే రూపము. కర్తతో ఏకీభావమునకై అంత పట్టుదల గల తెలుగు వ్యతిరేకక్రియ ఇచట పురుషభేదమును ఎట్లు విడిచినది? ఎస్టోనియను 'ఎయ్' వలె మన 'లేదు' అనునది ప్రథమపురుషైకవచనము అన్నిటికిని వ్యాపించిన ఫలితమా? మొదట మేము అట్లే తలచితిమి.

కంకిపాడు విజయవాడ నుండి మచిలీపట్టణమునకు పోవు మార్గమున, కృష్ణకాలువల క్రింద వరి పండు మాగాణి నడుమ ఉన్నది. నాట్ల దినములలో ఒకనాడు అచటి కాలువగట్టున ఒక వృద్ధకర్షకుని, ప్రక్కనున్న మెరకచేనికి నీరు అందినదా అని అడిగితిమి. ఆయన, "నిన్న నీళ్లు ఎక్కలేదండి. అసలీ మెరకకి నీళ్లు ఎక్కలేవండి" అనెను. మేము ఊరకుంటిమి గాని ఆ రెండు మాటలు మాతో వచ్చినవి.

'నీళ్లు' బహువచనము. మొదటి వాక్యమున క్రియ 'ఎక్కలేదు': ఎక్కుట జరుగలేదని అర్థము. రెండవ వాక్యమున 'ఎక్కలేవు': ఎక్కుటకు శక్తి లేదని అర్థము. ధాతువొకటే, తుమర్థకరూపమైన 'ఎక్క' ఒకటే, దానికి చేరిన 'లే' ఒకటే. ఒకచోట అది కర్తను అనుసరించి బహువచనమైనది, ఒకచోట కాలేదు. కర్త 'నీరు' అని ఏకవచనమైనచో రెండు అర్థములకును 'ఎక్కలేదు' అనియే చెప్పవలసివచ్చును. భేదము సందర్భమునకు విడువబడును. 'నేను రాలేదు', 'నేను రాలేను' అనువానియందును ఇదే భేదము. ఇది పల్లెయందైనను పట్టణమందైనను తెలుగువాడు ఎన్నడును తప్పని భేదము. ఐనను మన పాఠ్యపుస్తకములలో దీనికి కారణము చెప్పినవి మా కంట పడలేదు.

మా అభిప్రాయమిది. 'నీళ్లు ఎక్కలేవు' అనునప్పుడు 'లేవు' అను క్రియకు కర్త నీళ్లే. ఆ పని చేయు సామర్థ్యమున నీళ్లు లేవని భావము. కావున ఏకీభావము తప్పదు. 'నీళ్లు ఎక్కలేదు' అనునప్పుడు 'లేదు' అను క్రియకు కర్త నీళ్లు కాదు; 'నీళ్లు ఎక్క' అను వ్యాపారము మొత్తముగా కర్త. ఆ వ్యాపారము లేదు, అనగా జరుగలేదు. వ్యాపారము అమహత్తు, ఏకము. కావున క్రియ 'లేదు' అని నిలిచినది. అనగా ఇచట ఏకీభావము నశింపలేదు. తానుండవలసినచోటనే ఉన్నది. కర్త మాత్రము మారినది.

ఈ అభిప్రాయమునకు మూడు ఆధారములు చూపవచ్చును. మొదటిది వర్తమానవ్యతిరేకము. 'చేయుట లేదు' అనునది కృష్ణామండలపు వాడుకలో 'చెయ్యటం లేదు', 'చెయ్యట్లేదు' అని వినబడును. 'చేయుట' నామమగుట స్పష్టము. 'లేదు' దానితో ఏకీభవించుచున్నది. 'వాళ్లు చెయ్యట్లేదు' అందురే గాని 'చెయ్యట్లేరు' అనరు.

రెండవది తెలంగాణపు వాడుక. అచట ఇదే అర్థమున 'చేస్తలేను, చేస్తలేవు, చేస్తలేడు, చేస్తలేము, చేస్తలేరు' అందురు. ఇందు పూర్వపదము నామము కాదు. 'చేస్తూ' అను శత్రర్థకమునకు సంబంధించినది. నామము లేనందున కర్త మనుష్యుడే యగుచున్నాడు. 'లే' అతనితో ఏకీభవించుచున్నది. అదే వాడుకలో భూతకాలమున, తుమర్థకము పూర్వపదమైనచోట, 'నేను పోలే', 'వాళ్లు పోలే' అని పురుషభేదము లేక నిలుచుచున్నది. పూర్వపదమును బట్టి ఏకీభావము నిర్ణయమగుచున్నదనుటకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము అక్కరలేదు.

మూడవది సోదరభాషల పోలిక. కన్నడమున 'మాడువుదిల్ల' అనగా చేయుట లేదు, చేయరు అని అర్థము. 'మాడలిల్ల' అనగా చేయలేదు. మొదటిదానిలో క్రియానామము, రెండవదానిలో తుమర్థకము పూర్వపదములు. తమిళమున 'సెయ్యవిల్లై' అను రూపము తుమర్థకముతో ఏర్పడినది. కావున తుమర్థకముతో భూతవ్యతిరేకమును నిర్మించుట తెలుగున మాత్రమే కలిగిన ఆకస్మికపరిణామము కాదు.

4. 'లే' అను ధాతువు

పై రూపములన్నిట కనబడు 'లే' ఎక్కడిది? తమిళ 'ఇల్లై', కన్నడ 'ఇల్ల' అనువానితో దీనికి సంబంధము కలదు. 'ఇల్' అను ధాతువునకు వ్యతిరేకప్రత్యయమైన ఆకారము చేరి, వర్ణవ్యత్యయముచే, స్వరములు కలియుటచే 'లే' ఏర్పడినదని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఆదిలాబాదు మొదలగు ప్రాంతములలో వ్యవహరింపబడు గోండి భాషలో లేదనుటకు 'సిల్లె', 'హిల్లె' అను రూపములు కలవు. వీని ఆధారమున మూలధాతువునకు ఆదిని ఒక హల్లు ఉండెనని ఊహింపబడినది. 'కాను, కావు, కాడు, కాదు' అనునవి అగుధాతువు వ్యతిరేకరూపములు. అచటను ఇట్టి వర్ణవ్యత్యయమే జరిగినది.

'ఇల్' స్వయముగా లేమిని చెప్పు ధాతువు. దానిపై వ్యతిరేకప్రత్యయమును చేర్చి, దానిపై పురుషప్రత్యయములను చేర్చి తెలుగు 'లేను, లేవు, లేడు, లేము, లేరు' అని పూర్తి క్రియగా నిలుపుకొన్నది. తమిళ కన్నడ వ్యవహారములలో 'ఇల్లై', 'ఇల్ల' అన్ని పురుషలకును ఒకే రూపమున నిలిచినవి: 'అవన్ ఇల్లై' అనగా వాడు లేడు, 'అవర్ ఇల్లై' అనగా వారు లేరు. కావున ఎస్టోనియను 'ఎయ్'తో పోల్పదగినవి మన సోదరభాషల ఈ అవ్యయప్రాయరూపములు. 'లేడు, లేరు' అను తెలుగు ఫిన్నిషు 'ఎయ్, ఎయ్‌వాత్' సరసన నిలుచును. తెలుగు 'చేయలేదు' మాత్రము పైకి ఎస్టోనియనును పోలియుండియు, లోపల వేరు నిర్మాణము కలది.

5. పోలికయే గాని చుట్టరికము కాదు

ఇట్టి సామ్యములను చూచి ద్రావిడ యురాలిక్ భాషలు ఒకే తల్లి బిడ్డలని తలచినవారు కలరు. కాల్డ్వెల్ ద్రావిడభాషలను తన కాలమున 'సిథియను' అని వ్యవహరింపబడిన సమూహముతో, అందును విశేషించి ఫిన్నిషు మొదలగువానితో జోడింపగోరెను. టి. బరో 1944లో శరీరావయవముల పేళ్లను పోల్చి ఆ వాదమునకు పదసామగ్రి సమకూర్చెను. స్టీఫెన్ టైలర్ 1968లో మరల పదసామ్యములను ప్రకటించెను. ఐనను క్రమబద్ధములైన ధ్వనిసూత్రములు స్థాపింపబడనందున ఆ బాంధవ్యమును నేటి పండితులలో అధికసంఖ్యాకులు అంగీకరించుట లేదు.

వ్యతిరేకక్రియ సాక్ష్యము ఆ వాదమునకు తోడ్పడునా? తోడ్పడదని మా నమ్మకము. యురాలిక్ భాషలలో వ్యతిరేకక్రియ స్వతంత్రపదము. ప్రధానక్రియకు సాధారణముగా ముందుండును. తెలుగున 'చేయను' అనుచోట వ్యతిరేకార్థము క్రియలోపలి ప్రత్యయమున ఉన్నది. 'లేదు' క్రియకు వెనుక వచ్చును. పైగా యురాలిక్ కుటుంబమునకు చెందని ఎవెంకీ మొదలగు తుంగూసిక్ భాషలలోను పురుషప్రత్యయములు గల వ్యతిరేకక్రియ కలదు. ఒక నిర్మాణము వేర్వేరు కుటుంబములలో వేర్వేరుగా పుట్టగలదనుటకు ఇది నిదర్శనము. మన భాషయే ఒక సాక్ష్యము చూపుచున్నది: తెలంగాణపు 'చేస్తలేరు', డెల్టాలోని 'చెయ్యట్లేదు' ఒకే భాషలో పక్కపక్కనే పెరిగినవి. ఒకటి పైకి ఫిన్నిషు వలె, ఒకటి ఎస్టోనియను వలె కనబడును. అంతమాత్రమున వానికి ఆ భాషలతో చుట్టరికము కలుగదు.

6. బోధనకు, పరిశోధనకు

ఈ చర్చ వలన బోధకులమైన మనకు రెండు కర్తవ్యములు ఏర్పడుచున్నవి. కావ్యపాఠమున 'చేయడు' వంటి రూపము వచ్చినప్పుడు, దాని కాలమును సమీపమందలి విధిక్రియను బట్టి నిర్ణయింపవలెనని విద్యార్థికి మొదటనే చెప్పవలెను. అట్లు చెప్పనిచో కథలో జరిగిన మౌనము జరుగబోవు మౌనమగును, పాత్రస్వభావమే తారుమారగును. రెండవది, 'చేస్తలేను' అని వ్రాసిన విద్యార్థి పత్రమున ఎఱ్ఱగీత గీయుటకు ముందు ఒక్కమారు ఆలోచింపవలెను. పాఠ్యభాష ఏదియో నేర్పుట మన విధియే. కాని ఆ రూపము అపభ్రంశమని, డెల్టారూపమే సహజమని చెప్పుటకు మనకు శాస్త్రాధారము లేదు. కర్తతో ఏకీభవించుట తెలుగు వ్యతిరేకక్రియకు ప్రాచీనలక్షణమని పైన చూపితిమి. ఆ లక్షణము వర్తమానవ్యతిరేకమున నేడు పైకి తేటగా కనబడుచున్నది 'చేస్తలేను' అనుదానియందే.

పరిశోధకవిద్యార్థులు చేపట్టదగిన పనియు కలదు. తుమర్థకముపై 'లేదు' చేరి భూతవ్యతిరేకమగుట ఏ శతాబ్దమున ఏ ప్రాంతమున మొదలిడినదో శాసనములను, వచనగ్రంథములను, స్థానికచరిత్రలగు కైఫియతులను వరుసగా చదివి నిర్ణయింపవలెను. కర్త బహువచనముగానో, ఉత్తమమధ్యమపురుషలలోనో ఉన్న వాక్యములనే ఏరుకొనవలెను. 'అది' కర్తయైన వాక్యములను వేరుగా ఉంచవలెను. ఏలయన 'అది రాలేదు' అను వాక్యము రెండర్థములకును తలయొగ్గును గాని, 'నీళ్లు ఎక్కలేదు' అను వాక్యము ఒక్క అర్థమునకే కట్టుబడియుండును. ఈ పరీక్షను మాకు నేర్పినది ఏ గ్రంథమును కాదు, కంకిపాటి మెరకచేను. విజ్ఞులు పరిశీలించి గుణదోషములను తెలుపుదురని ఆశించుచున్నాము.